కుట్టులోపలి గుడ్డ

చిలకలగూడలో మా మేనత్త దుకాణం
మెట్లకింద మూడడుగుల జాగా.
నిలబడితే తల తగులుతుంది.
అందుకే బాలనర్సమ్మ ఎప్పుడూ కూర్చునే ఉంటుందని
బస్తీలో ఒక జోకు.

మొన్న ఆదివారం జాకెట్లు పట్టుకుని వెళ్లాను.
నాలుగు. రెండు రెడీమేడ్‌వి, రెండు ఆమె కుట్టినవే,
పదేళ్ల కిందటి పెళ్లి జాకెట్టుతో సహా.
చేతులు పట్టడం లేదు.
పట్టనివి ఇంకా చాలా ఉన్నాయి, చెప్పలేదు:
ఒకటో తారీకు పడ్డ జీతం
ఐదో తారీకుకల్లా ఎటు పోతుందో,
ప్లాస్టిక్ కవరైనా తియ్యని సోఫాకి
ఇంకా పద్నాలుగు కిస్తులు,
కూకట్‌పల్లి మందుల షాపులో బిల్లు కొడుతూ
పక్కకి తిరిగి నేను కట్ చేసే ఫోన్లు.
"మేడమ్, మినిమమ్ అయినా కట్టండి"
ఎంత మర్యాదగా అడుగుతాడో ఆ కుర్రాడు.

అత్త కళ్లజోడు ముక్కు మీదికి జార్చి
రెడీమేడ్ జాకెట్టు తిరగేసింది.
లోపల వేలితో తడిమింది.
"దీన్ల గుడ్డ లేదు బిడ్డా.
కోసిన కాడికే కుట్టిండు.
అంగుళం లావైతే ఇగ బొంతల ఏసుడే."

తర్వాత తను కుట్టింది తిప్పింది.
కుట్టు పక్కన ఇంకో కుట్టు, దాని పక్కన ఇంకోటి,
చివర్న వేలెడంత గుడ్డ, ముడుచుకుని.
"నువ్వు గప్పుడు పుల్ల లెక్కుంటివి.
ఎల్లకాలం గట్లనే ఉంటవా మరి?"

ఎడమగోడ మీద సుద్ద రాతలు.
ఫాల్ డెబ్బై, పీకో నలభై, టీచరమ్మ మూడొందలు.
కుడిగోడ మీద పెన్నుతో:
జనరల్ బజార్ లైనింగు షేటుకి పద్దెనిమిది వందలు,
కరెంటు, కిరాయి.
ఎందుకిలా అని చిన్నప్పుడు అడిగాను.
రావాల్సింది తుడుచుకుపోవచ్చు,
ఇవ్వాల్సింది తుడుచుకుపోదు
అనలేదు ఆమె.
"సుద్ద అగ్గువ" అంది.
మిగతా మాట నాకే తట్టింది,
ఇరవై ఏళ్ల తర్వాత, తిరిగొస్తూ, బస్సులో.

మిషను మీద తెల్లపిల్లి పడుకుని ఉంది.
"మూఢం నడుస్తుంది. లగ్గాల్లేవు.
దానికి మస్తు నిద్ర.
కరెంటోనికే మూఢం లేదు."
ముహూర్తాల నెలల్లో రాత్రి రెండింటి దాకా తొక్కిన పైసల్లోంచే
ఈ నెల బియ్యం.
అప్పుడు పిల్లికి చోటుండదు.

ఒకసారి ఆమె కూడా మునిగింది.
వీధి చివర విఠల్ చిట్టీ. పందొమ్మిది నెలలు కట్టింది.
ఇరవయ్యో నెల గేటుకి తాళం.
"అందరికన్న ఎక్కువిస్తనన్నడు.
గప్పుడే అడగాల్సుండె,
యాడికెల్లి తెస్తవ్ రా అని."
అంతే. సూదిలో దారం ఎక్కించుకుంది.
ఆ ఏడంతా ఆమె చెవులకి
కమ్మలు కాదు, వేపపుల్లలు.

ఆమె బ్లేడుతో పాత కుట్టు విప్పుతుంటే
నా ఐదో తరగతి లంగా గుర్తొచ్చింది.
కింద మూడు మడతలు.
జూన్‌కొకటి విప్పేది అత్త.
వెలిసిన నీలం కింద బెత్తెడు ముదురు నీలం పట్టీ,
నేనెంత పెరిగానో బడంతటికీ తెలిసేలా.
నవ్వేవాళ్లు.
ఎనిమిదిలో ఏడ్చి కొత్తది కొనిపించుకున్నాను,
సరిగ్గా సరిపోయేది.
ఏడాది తిరక్కుండానే మోకాళ్ల పైకొచ్చింది.

"ముప్పై రూపాయలు. గోడకు రాయాల్నా?"
వద్దని చేతిలో పెట్టాను, చిల్లరతో సహా.
ఈ నెల నేను పూర్తిగా కట్టిన బాకీ
బహుశా అదొక్కటే.

చౌరస్తాలో బస్సు కోసం నిలబడి
సంచిలోంచి పెళ్లి జాకెట్టు తీసి తిరగేశాను.
విప్పిన చోట, చంక కింద,
పదేళ్లు లోపలే ఉన్న గుడ్డ
పెళ్లినాటి ఎరుపు.
బయటంతా వెలిసిపోయింది.

ఇంకో కుట్టు మిగిలే ఉంది.
దాన్ని విప్పలేదు ఆమె.